బందరు సీమలో పొగమంచు

బందరు పేరు వినగానే మనకు ముందుగా సముద్రము తలపునకు వచ్చును. 1605లో డచ్చివారిని, 1611లో ఆంగ్లేయులను ఈ రేవునకు చేర్చినది సముద్రమే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనయై సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నదియు, 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదియు ఆ సముద్రమే. కనుక ధనుర్మాసపు వేకువను గుడివాడ, బందరు, అవనిగడ్డ దారులను కప్పివేయు పొగమంచుకూడ కడలినుండియే వచ్చునని తలచుట సహజము. ఇది ఎంతవరకు నిజమో విచారింతము.

సముద్రముపై మంచు పుట్టు విధమును చక్కగా పరిశీలించినవారిలో జి. ఐ. టేలర్ ముఖ్యుడు. 1912లో టైటానిక్ ఓడ మునిగిన పిమ్మట, మంచుకొండలను కనిపెట్టుటకై 1913లో స్కోషియా అను ఓడను ఉత్తర అట్లాంటికునకు పంపిరి. టేలర్ ఆ ఓడపైనుండి గాలిపటముల నెగురవేసి గాలి వేడిమిని కొలిచెను. తేమగల వెచ్చనిగాలి చల్లని నీటిపై సాగునపుడు అడుగునుండి చల్లబడి మంచగునని ఆ కొలతలు తెలిపినవి.

మన బంగాళాఖాతమున ఆ చల్లని నీరేది? పుష్యమాసమునందును తీరపు నీటి వేడిమి 25 డిగ్రీల చుట్టుపట్ల ఉండును. నేలపై మాత్రము తెల్లవారుజామునకు 18, 19 డిగ్రీలకు దిగుచుండును. కావున మన మంచు పుట్టినిల్లు నేలయే.

నేల రాత్రివేళ తన వేడిమిని ఆకాశమునకు వెడలగ్రక్కి చల్లబడుననియు, మబ్బు లేనినాడు ఆ చల్లదన మధికమనియు లండను వైద్యుడు వెల్స్ 1814లోనే నిరూపించెను. దీనికి తోడు తేమ కావలెను. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప కృష్ణ కాలువలు ఈ సీమనంతటిని మాగాణిగా మార్చినవి. వరి కోసిన చేలలో మినుము మొలకెత్తువేళ నేల ఇంకను పదునుగనే యుండును. ఒకవంక కొల్లేరు, అన్నివంకల కాలువలు, చెరువులు. గాలి బొత్తిగా నిలిచిన మంచు బిందువులై గడ్డిపై రాలును. గట్టిగా వీచిన చెదరిపోవును. పిల్లగాలి కదలినప్పుడే తేమ, చలి కలిసి పొగమంచై లేచును. అది నేలగాలివెంట తీరము దాటి కొంతదూరము సాగినను, వెచ్చని నీటిపై క్రమముగా కరగిపోవును.

గుడివాడకు వాయవ్యమున నున్న గన్నవరము విమానాశ్రయమును రెండవ ప్రపంచయుద్ధకాలమున సైన్యమువారు వాడుకొనిరి. నేడును శీతకాలపు ఉదయములందు దిగుటకు వీలులేక విమానములు పైననే చుట్లు తిరుగుటయు, ఒక్కొక్కప్పుడు హైదరాబాదునకు మరలుటయు కలదు. కిలోమీటరు దూరము కానరానిచో దానిని పొగమంచని శాస్త్రజ్ఞు లందురు. విమానమునకే దారి తోచనినాడు, కాలువగట్టుపై సైకిలు త్రొక్కు పాలవానికిని, వేకువనే రేవు విడుచు పడవవానికిని కలుగు ప్రమాదమును వేరుగ చెప్పవలెనా?

తుపాను రాకను మేఘము తెలుపును, గాలి తెలుపును. పొగమంచు అట్లు కాదు. అది ప్రశాంతమైన రాత్రియందే పుట్టును. శీతకాలమున రేడియోలో “ఆకాశము నిర్మలము, గాలి మందము” అని విన్న రాత్రి మనము నిశ్చింతగా నిదురింతుము. వేకువను ప్రయాణము గలవారు మాత్రము ఆ మాటనే హెచ్చరికగా గ్రహించి, ప్రొద్దెక్కువరకు ఆగుట మేలు.