సంధాన సాధనములు (నెల్లూరు తీరము)

రెండు కొయ్యలనుగాని రెండు ఇనుపకమ్ములనుగాని ఒక్కటిగా నిలుపు చీల, త్రాడు, పలక, మరమేకు మున్నగునవి సంధాన సాధనములు. ఉత్తరమున కావలి మొదలు దక్షిణమున పులికాటు సరస్సు వరకు వ్యాపించిన నెల్లూరు తీరమున ఇవి రెండు తెరగుల కానవచ్చును: కొన్ని కదలికను బంధించును, కొన్ని దానికి చోటిచ్చును. ఎద్దుబండి యిరుసుకొనను దూర్చి చక్రమును జారనీయని కడచీల మొదటి తెగలోనిది.

రెండవ తెగకు తెప్పయు పడవయు ఉత్తమోదాహరణములు. తేలికకొయ్య దుంగలను చెక్కి, ప్రక్కప్రక్కన జేర్చి, ముందువెనుకల త్రాళ్లతో బిగించినచో తెప్ప యగును, మేకుతో పనిలేదు. వేట ముగిసి ఒడ్డు చేరినపిమ్మట జాలరులు కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఆరబెట్టుదురు. నీరు పీల్చిన కొయ్య బరువెక్కి క్రుంగును గావున, విప్పుటకు వీలగు కట్టే తెప్పకు ఆయువుపట్టు.

చోళమండల తీరమున ప్రసిద్ధికెక్కిన మసూలా పడవ ఇంతకంటె విశేషమైనది. పలకల అంచుల వెంబడి బెజ్జములు వేసి, అతుకుపై గడ్డినిగాని నారనుగాని పరచి, దానిమీదుగా కొబ్బరినార త్రాటితో కుట్టుదురు, లోపల అడ్డుచట్రములుండవు. అలలు విరుగు చోట అడుగు నేలకు తగిలినను కుట్టు సాగి పలకలు వంగునేగాని పగులవు. మేకులు బిగించిన ఐరోపా పడవలకు ఈ ఓర్పు లేమిచేతనే, హార్బరు ఏర్పడువరకు మద్రాసునందు ఓడలనుండి జనమును సరకులను ఒడ్డుకు దింపు భారము మసూలా పడవలపై బడెను. ఇంతటి శిల్పము ఫైబరు పడవల రాకతో మరుగునబడుట శోచనీయము.

కొయ్యవలెనే ఇనుపకమ్ముల కూర్పునందును కదలికకు చోటిచ్చు సాధనము కలదు. 1899లో ఈ తీరము మీదుగా బెజవాడ మద్రాసుతో రైలుమార్గమున కలిసినది. పట్టాల కొనలను కలుపు ఫిష్‌ప్లేటుకు ఆంగ్ల ఇంజనీరు విలియం బ్రిడ్జెస్ ఆడమ్స్ 1847లో పేటెంటు కోరెను. పట్టాకు ఇరుప్రక్కల నొక్కొక్క ఉక్కుపలకను ఆనించి సామాన్యముగా నాలుగు బోల్టులతో బిగింతురు. 13 మీటర్ల పట్టా 30 డిగ్రీల వేడిమి హెచ్చినచో సుమారు 4.5 మిల్లీమీటర్లు పెరుగును గనుక కొనలనడుమ ఎడము విడుతురు. బోల్టుల రంధ్రములును కొంత వదులుగనే యుండును. తుప్పుపట్టి పలక బిగుసుకొనినచో ఆ ఎడము నిష్ఫలము. అందుచే ఏటేట చలికాలమున గ్యాంగ్‌మన్లు పలకలనూడదీసి, తుప్పు గీకి, నూనె కలిపిన గ్రాఫైటు పూసి మరల బిగింతురు. ఉప్పుగాలి సోకు మార్గములందు ఈ సేవ మరింత ఆవశ్యకము.

నేడు ప్రధాన మార్గములందు పట్టాలను కరగించి ఏకముగా నతుకుచున్నారు. అట్టి దీర్ఘపట్టా నడిమిభాగమును స్లీపర్లును కంకరయు కదలనీయవు. కొనల చలనమునకు మాత్రము ఎక్స్‌పాన్షన్ జాయింట్లు అమర్చుదురు.