బాలాపరాధులు, బాధితులు, ప్రభుత్వ ధనము

హైదరాబాదు వైపునుండి నిజామాబాదునకు పోవు పాసింజరు రైలు సిర్నాపల్లి అడవిని దాటిన పిమ్మట ఇందల్వాయి స్టేషనును చేరును. ఆ దారిని మేము పలుమారులు ప్రయాణము చేసియున్నాము. ఒక వైపున గుట్టలు, చెట్లు; మరియొక వైపున వరి, మక్క, పసుపు పొలములు. ఆ పొలములలో పెక్కింటికి బోరుబావియే ఆధారము. కరెంటు మోటారు నడచిన పంట నిలుచును, ఆగిన ఎండును.

ఇట్టి యూరిలో జరుగదగిన సంగతి నొకదానిని ఊహించుకొందము. పదునారేండ్ల బాలుడొకడు రాత్రివేళ ఒక రైతు మోటారునుండి రాగితీగ లాగి, పాత సామానుల వర్తకునకు అమ్మినాడు. వానికి ముట్టినవి కొన్ని వందల రూపాయలు. రైతునకు మోటారు మరల చుట్టించుటకు వేల రూపాయలు కావలెను. అంతకు మించిన నష్టము, పొట్టదశలోనున్న వరికి రెండు తడులు తప్పిపోవుట. బాలుడు పట్టుబడినాడు. వానిని దండింపవలెనని కొందరు, చిన్నవాడు గనుక విడిచిపెట్టవలెనని కొందరు వాదింతురు. రైతు మాత్రము మరియొక ప్రశ్న వేయును: "నా మోటారు సంగతి యేమి?"

ఈ మూడవ ప్రశ్నకు సమాధానము వెదకు పద్ధతినే నేడు పునరుద్ధరణ న్యాయమని పిలుచుచున్నారు. నేరమువలన ఎవరికేమి చెడినది, దానిని బాగుచేయవలసిన వారెవరు, చేసినవాడు మరల నలుగురిలో ఎట్లు కలియును అని విచారించుట దీని పని. ఈ పనికయ్యెడు వ్యయమును ఎవరు భరింపవలెనను విషయమునే మేమిక్కడ చరిత్ర ననుసరించి పరిశీలింపబూనితిమి.

పూర్వము ఇట్టి తగవు ఊరి చావడి యొద్ద పెద్దమనుషుల ముందుకు వచ్చెడిది. పంచాయితీ కూర్చుండెడిది. దోషియని తేలినవాడు "తప్పు" కట్టవలెను. ఆ పద్ధతిలో ఒక మేలు లేకపోలేదు. నష్టపడినవాడును, నష్టపరచినవాడును ఎదురెదురుగ నిలిచి, ఊరివారు వినుచుండగా మాటలాడుకొనెడివారు. కాని కట్టిన తప్పు నష్టపడినవాని చేతికే చేరవలెనను నియమము లేదు. దొరల గడీలున్నచోట తీర్పు గడీలోనే జరిగెడిది. కూలివాని కుమారుడు తప్పు చేసినచో దెబ్బలు, వెట్టి. బలవంతుని కుమారుడు చేసినచో పంచాయితీ కూర్చుండుటయే అరుదు. తీర్పు చెప్పువారికి ప్రజాధనమునుండి జీతము లేదు. అందుచేత ప్రజలకు లెక్క చెప్పవలసిన అగత్యమును లేదు.

ఆంగ్ల ప్రభుత్వము వేరొక మార్గము త్రొక్కినది. 1850వ సంవత్సరపు అప్రెంటిసు చట్టము ప్రకారము పది మొదలు పదునెనిమిదేండ్ల లోపు బాలురను, చిన్న నేరములు చేసినవారిని గూడ, ఏదేని వృత్తి నేర్చుటకు ఒప్పగింపవచ్చును. 1876లోను, మరల 1897లోను సంస్కరణ పాఠశాలల చట్టములు వచ్చినవి. సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన 1919-20లో పనిచేసిన భారత కారాగార సంఘము, పిల్లలను పెద్ద ఖైదీలతో కలుపరాదనియు, వారికి వేరు న్యాయస్థానములుండవలెననియు చెప్పినది. 1920లో మద్రాసు బాలల చట్టము వెలువడినది. దేశములో ఇట్టి చట్టములలో ఇది మొదటిది. బెంగాలు 1922లోను, బొంబాయి 1924లోను దీనిని అనుసరించినవి.

కోస్తా జిల్లాలును, రాయలసీమయు అప్పుడు మద్రాసు రాజధానిలోనివి. కనుక అచటి తెలుగు బాలురకు ఈ చట్టపు నీడ దొరకినది. నైజాము పాలనలోనున్న తెలంగాణమునకు అట్టిది ఆలస్యముగ వచ్చినది. హైదరాబాదు బాలల చట్టము 1951 నాటిది. రెంటికి నడుమ ముప్పదియొక్క సంవత్సరముల యెడమున్నది.

ఆ యెడమున నిజామాబాదు ఖిల్లాలోని కారాగారము ఎట్టి చోటో తెలుగు సాహిత్యము నెరిగినవారికి తెలియును. 1948లో దాశరథి కృష్ణమాచార్యులును, వట్టికోట ఆళ్వారుస్వామియు అచట బందీలుగ నుండిరి. ఆళ్వారుస్వామి తరువాత "జైలు లోపల" అను కథల సంపుటమును వెలువరించెను. తోటి రాజకీయ ఖైదీలను గూర్చి గాక, దొంగలని, హంతకులని ముద్రపడిన సామాన్యులను గూర్చి, వారినచటికి చేర్చిన పరిస్థితులను గూర్చి ఆయన వ్రాసెను. మనిషిని లోపల నుంచుటకు గోడ చాలును గాని, అతడట్లెందుకైనాడో తెలిసికొనుటకు మరియొక మనిషి కావలెనని ఆ కథలు చదివినపుడు మాకు తోచినది.

స్వతంత్ర భారతమున 1958వ సంవత్సరపు ప్రొబేషను చట్టము ఆ రెండవ మనిషికి ఉద్యోగము కల్పించినది. ఇరువదియొక్క యేండ్ల లోపువానిని జైలుకు పంపుటకు ముందు, యావజ్జీవ శిక్షకు తగిన నేరములలో తప్ప, న్యాయస్థానము ప్రొబేషను అధికారి నివేదికను చూడవలెను. పంపినచో కారణము వ్రాయవలెను. అంతియే కాదు. విడిచిపెట్టబడినవాడు నష్టపడినవానికి తగిన పరిహారము చెల్లింపవలెనని ఉత్తరువు చేయుటకు ఆ చట్టపు 5వ సెక్షను అధికారమిచ్చినది. రైతు అడిగిన ప్రశ్న చట్టమున చోటు సంపాదించుకొన్నది.

ఈ ప్రొబేషను అధికారియే విదేశమున ఒక కొత్త దారికి ఆద్యుడైనాడు. 1974లో కెనడాలోని ఎల్మైరా అను చిన్న పట్టణమున ఇద్దరు యువకులు ఒక్క రాత్రిలో ఇరువదిరెండు చోట్ల ఆస్తులను పాడుచేసిరి. మార్క్ యాంట్జీ యను ప్రొబేషను అధికారి, వీరు బాధితుల ఇండ్లకు స్వయముగ పోయి మాటలాడిన బాగుండునని సూచించెను. న్యాయమూర్తి అంగీకరించెను. యువకులు ఇల్లిల్లు తిరిగి తప్పొప్పుకొని, కొన్ని నెలలలో పరిహారము చెల్లించిరి. న్యూజీలాండు 1989లో దీనికంటె ముందుకు పోయినది. మావోరీల కుటుంబ సంప్రదాయమునుండి నేర్చి, బాలుడు, అతని కుటుంబము, బాధితుడు, పోలీసు ఒక్కచోట కూర్చుండు కుటుంబ సమావేశమును చట్టములో చేర్చినది. ఆ సమావేశమును కూర్చు సమన్వయకర్త ప్రభుత్వోద్యోగి. అతని జీతము ఖజానానుండి వచ్చును. ఈ చివరి సంగతి చిన్నదిగ తోచును గాని, ఆ యేర్పాటు నిలుచుటకు మూలమదియే.

మన దేశమున 1986, 2000, 2015 సంవత్సరములలో బాలల న్యాయ చట్టములు వరుసగ వచ్చినవి. 2016 జనవరి 15 నుండి అమలులోనున్న చట్టము, సంస్థలో నుంచుట చిట్టచివరి ఉపాయముగ నుండవలెనని చెప్పుచున్నది. ప్రతి జిల్లాకు బాలల న్యాయమండలి యుండవలెను. అందొక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో ఒక్కరైనను స్త్రీ. 2016 నాటి కేంద్ర మాదిరి నియమముల ప్రకారము మన రాగితీగ బాలునివంటి వానిపై, పెద్దవారితో కలిసి చేసినది కానిచో, ఎఫ్.ఐ.ఆర్. వ్రాయరు. స్టేషను డైరీలో నమోదు చేసి, బాలుని కుటుంబ పరిస్థితుల నివేదికతో మండలికి తెలుపుదురు. మండలి బుద్ధిచెప్పి పంపవచ్చును, సమాజ సేవ విధింపవచ్చును, మంచి నడవడి షరతుపై విడువవచ్చును. మూడేండ్లకు మించకుండ ప్రత్యేక గృహమునకును పంపవచ్చును. కాని 18వ సెక్షనులోని ఆ ఉత్తరువుల పట్టికలో బాధితునితో సమావేశము పేరు లేదు. నిషేధము లేదు, ఏర్పాటును లేదు.

ఇక ధనము మాట. 2009లో కేంద్ర ప్రభుత్వము సమగ్ర బాలల సంరక్షణ పథకమును ప్రారంభించినది. అదియే నేడు మిషన్ వాత్సల్య. తెలంగాణమువంటి రాష్ట్రములలో వ్యయమును కేంద్రము 60 పాళ్లు, రాష్ట్రము 40 పాళ్లు భరించును. తొలి పథకపు నమూనాలో జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు న్యాయ-ప్రొబేషను అధికారి ఒక్కరు, కౌన్సెలరు ఒక్కరు, సామాజిక కార్యకర్తలు ఇద్దరు, క్షేత్ర కార్యకర్తలు ఇద్దరు. తప్పిపోయిన బిడ్డ, బాల్య వివాహము, అనాథ శిశువు మొదలగు పనులన్నియు ఆ విభాగమునకే చేరును. చట్టపు 105వ సెక్షను బాలల నిధిని ఏర్పరుపవచ్చునని రాష్ట్రములకు చెప్పినది. "వచ్చును" అనినదే గాని "వలెను" అనలేదు.

మన ఊహలోని తగవును చక్కగ తీర్పవలెనన్న ఎంత పని యున్నదో చూడుడు. ఒకరు బాలుని ఇంటికి పోవలెను. తల్లిదండ్రులతోను, పాఠశాలలోను విచారింపవలెను. రైతు యొద్దకు పోయి అతని కోపము వినవలెను. ఇరువురకు సమ్మతమైననే కూర్చుండబెట్టవలెను. పరిహారమును కుటుంబము మోయగల వాయిదాలుగ నిర్ణయింపవలెను. సెలవు దినములలో బాలుడు పాఠశాల చెట్లకు నీరు పోయుచున్నాడా, మరల బడికి పోవుచున్నాడా అని నెల నెలా చూడవలెను. ఇది జీతము, బస్సు ఖర్చు, కాలము కావలసిన పని. కట్టిన భవనము లెక్కలో కనబడును. అధికారి నడచిన నడక కనబడదు. అందుచేతనే సంస్కరణ పాఠశాలల నాటినుండియు గోడలకు దొరకిన ధనము ఈ నడకకు దొరకలేదు.

ఊరివారే చూచుకొందురు, ప్రభుత్వమునకెందుకీ ఖర్చని కొందరందురు. నిజామాబాదు జిల్లావారికి దీని జవాబు తెలియును. ఇచటి గ్రామములలో గ్రామాభివృద్ధి కమిటీలు బలమైనవి. బడికి గదులు కట్టించుట, గుడి బాగుచేయించుట మొదలగు మంచి పనులు చేసినవి కలవు. చట్టాధికారము లేకయే జరిమానాలు విధించి, చెల్లింపని కుటుంబములను సాంఘికముగ బహిష్కరించిన కమిటీలును కలవు. అవి పోలీసు కేసులవరకు పోయినవి. అనగా రాజీ కుదుర్చువాని స్థానము ఎన్నడును ఖాళీగ నుండదు. ప్రభుత్వము జీతమిచ్చి మనిషిని పంపనిచో బలవంతుడందు కూర్చుండును. అప్పుడా రాజీ వెలను బలహీనుని ఇల్లు చెల్లించును.

ప్రతి నేరమునకు ఈ పద్ధతి తగదు. అత్యాచారమునకు గురియైన బాలికను దోషి యెదుట కూర్చుండుమని అడుగుట మరియొక హింస. బాధితుడు వలదన్నచో అంతటితో ఆపవలెను. కాని చిన్న దొంగతనము, కొట్లాట, ఆస్తి పాడుచేయుట వంటివానిలో ఇది రైతునకు మోటారును, బాలునకు బడిని, ఊరికి నెమ్మదిని తెచ్చు దారి. పెద్దవారి చట్టమును ఈ వైపునకే జరుగుచున్నది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారము, అయిదు వేల రూపాయలకు తక్కువ విలువగల వస్తువును మొదటిమారు దొంగిలించి, దానిని గాని దాని విలువను గాని తిరిగి యిచ్చినవానికి సమాజ సేవయే శిక్ష. దానికిని పర్యవేక్షించు మనిషి కావలెను.

ఇందల్వాయి 2016లో మండల కేంద్రమైనది. మండలమునకొక ప్రొబేషను కార్యకర్త యనిన నేడు అత్యాశగ తోచవచ్చును. 1920కి ముందు బాలురకు వేరు న్యాయస్థానమనుట కూడ అత్యాశయే. శాసనసభలలో పద్దులు చర్చకు వచ్చునపుడు బాలల గృహములెన్ని యని అడుగుదురు. మన రైతు యింటికిని, ఆ బాలుని యింటికిని పోవుటకు ఎందరిని నియమించితిరని గూడ మనమడుగవలెను.