ఫోన్‌లో దొర్లే ఆ బంతి ఆట కాదు

బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కితే వచ్చే స్టేషనే హైటెక్ సిటీ. అక్కడి ఏఐ ఉద్యోగాల కోసం చదివే పిల్లలు తప్పక నేర్వాల్సిన పాఠం గ్రేడియంట్ డిసెంట్. 1847లో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ చెప్పిన పద్ధతి ఇది. కళ్లకు గంతలు కట్టుకుని, కాలికి తగిలే వాలును బట్టి గుట్ట దిగడం లాంటిది. బండల మీది బస్తీ పిల్లలకు ఇది చెప్పాలా!

అడుగు ఎంత వేయాలన్నదే చిక్కు. దీన్ని లెర్నింగ్ రేట్ అంటారు. బోర్డు మీది సూత్రంలో కనిపించనిది యానిమేషన్‌లో కనిపిస్తుంది. ఎక్స్ స్క్వేర్ గీత మీద బంతిని 4 దగ్గర పెట్టండి. రేట్ 0.1 అయితే 3.2, 2.56 అంటూ మెల్లగా సున్నా వైపు దిగుతుంది. 1.1 పెట్టారో, -4.8, 5.76 అంటూ అటూ ఇటూ ఎగిరి ఇంకా దూరం పోతుంది.

ఊరికే చూస్తే మాత్రం లాభం తక్కువ. హండ్‌హౌసెన్, డగ్లస్, స్టాస్కో 24 ప్రయోగాలను పరిశీలించి 2002లో చెప్పింది ఇదే: బొమ్మ ఏం చూపిందన్న దానికంటే విద్యార్థి దానితో ఏం చేశాడన్నదే ముఖ్యం. కాబట్టి పాజ్ చేయించి, "బేటా, బంతి ఇప్పుడు ఎటు పోతుంది?" అని అడగండి. లెక్కలు రాని అమ్మీ కూడా అడగొచ్చు. జవాబు కాగితం మీద రాశాకే ప్లే నొక్కనివ్వండి.