తంగేడు ఏ కుటుంబం?

మెదక్ నుంచి పోచారం అడవి వైపు పోతుంటే రాళ్ల నేలల్లో తంగేడు, చెల్కల గట్లమీద నల్లతుమ్మ, దూరంగా మోదుగు కనిపిస్తాయి. మూడింటి కాయలూ విప్పి చూస్తే కట్టుబాటు ఒక్కటే: ఒకే అర, ఒక అంచుకు అంటుకున్న గింజ. మోదుగుకు గింజ ఒక్కటే ఉన్నా కాయ తీరు అదే. చిక్కుడుకాయ ఒలిచినవాళ్లెవరైనా ఈ మూడూ దాని చుట్టాలేనని ఒప్పుకుంటారు. అయితే 1753లో లినేయస్ 'స్పీషీస్ ప్లాంటారమ్' అచ్చయ్యాక వృక్షశాస్త్రం వీటిని మూడు వేర్వేరు తరగతుల్లో కూర్చోబెట్టింది. ఆయన మొదట లెక్కపెట్టినవి కేసరాలు. తంగేడుకు విడివిడిగా పది, కనుక అది దశకేసర తరగతిలోకి పోయింది. మోదుగులో తొమ్మిది కలిసి ఒకటి విడిగా ఉంటుంది కాబట్టి రెండు కట్టల తరగతి దానిది. ద్విలింగ పూలూ ఏకలింగ పూలూ కలిసి ఉంటాయని తుమ్మను ఇంకో మూలకు నెట్టారు.

లెక్క సులువు కాబట్టే ఆ పద్ధతి సముద్రాలు దాటింది. లినేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తరంగంబాడి చేరి, కోరమండల్ తీరమంతా తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన కరివేపాకు శాస్త్రీయ నామంలో ఉన్న 'కోనిగి' ఆయనే. కరివేపాకు రెమ్మను వెలుతురుకు పట్టి చూస్తే ఆకు నిండా సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. నిమ్మ, మారేడు, వెలగ ఆకుల్లోనూ ఉంటాయి. పూత లేకపోయినా ఈ చుక్కలూ నలిపితే వచ్చే వాసనా చాలు, రూటేసి కుటుంబమని చెప్పడానికి. కేసరాల లెక్కకు ఇలాంటి సాక్ష్యంతో పనిలేదు. నా దృష్టిలో దాని అసలు లోపం అదే.

సామర్లకోటలో కంపెనీ తోట పెంచిన రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. వాటిలో మూడు వందలు 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఆయన పోయాక 1832లో పూర్తిగా వెలువడిన 'ఫ్లోరా ఇండికా' కూడా లినేయస్ వరుసలోనే నడిచింది. అప్పటికే పారిస్‌లో జుస్యూ (1789) ఒక్క అవయవాన్ని పట్టుకోకుండా బీజదళాలు, అండాశయం, దాన్నిబట్టి కేసరాల స్థానం, ఇలా అన్నిటినీ తూచి నూరు కుటుంబాలు కట్టాడు. ఆ సహజ పద్ధతి మన ద్వీపకల్పపు మొక్కల పుస్తకంగా వచ్చింది 1834లో, రాబర్ట్ వైట్, ఆర్నాట్‌ల చేతుల మీదుగా. వైట్ కోసం కుంచె పట్టిన రంగయ్య, గోవిందు పువ్వును కోసి అండాశయం అరలు కనిపించేలా గీశారు. కుటుంబం తేలేది అక్కడే. ఒక ఆర్కిడ్ ప్రజాతికి వైట్ గోవిందు పేరే పెట్టాడు. తర్వాత 1862-83 మధ్య బెంథామ్, హుకర్ 202 కుటుంబాలతో వేసిన చట్రం మన దేశంలో పాతుకుపోయింది.

ఇంత జరిగినా మొక్కల పుస్తకాల్లో మెదక్ ఖాళీగానే ఉండిపోయింది. గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా (1915-36) నిజాం సరిహద్దు దగ్గర ఆగింది. కుక్ బొంబాయి ఫ్లోరా (1901-08) అవతలి వైపు ఆగింది. మధ్యలో ఉన్నది 1911 నాటి పార్ట్రిడ్జ్ నిజాం రాజ్య అటవీ ఫ్లోరా. పేరుకు తగ్గట్టు అది అటవీ ఉద్యోగి పుస్తకం. గడ్డీ గాదమూ పట్టుకున్నవాడు పక్క రాష్ట్రాల పుస్తకాలే తిరగేయాలి. పక్క ఊరి పుస్తకంలో మన మొక్క ఏ పేజీలో ఉందో ఎలా తెలుస్తుంది? ముందు కుటుంబం తెలియాలి.

అందుకే చూపు ఆకుతో మొదలవుతుంది. కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటా? తుంచితే పాలు కారాయా? తొడిమ మొదట్లో ఉబ్బు, ఈకలా చీలిన ఆకు ఉంటే చిక్కుడు జాతిని ముందు అనుమానించాలి. తర్వాతే పువ్వు. మందార, బెండ, పత్తి పూలలో కేసరాలన్నీ ఒక గొట్టమై కీలాన్ని చుట్టుకుంటాయి. బతుకమ్మకు తెచ్చిన గుమ్మడి పూలను తిరగేస్తే కొన్నిటికి అడుగున చిన్న కాయ ఉంటుంది. అవి ఆడపూలు, అండాశయం రేకుల కింద. చిక్కేమంటే మోదుగు ఆకు రాల్చాక పూస్తుంది. ఆకు ఒకప్పుడు, పువ్వు ఇంకొకప్పుడు సేకరించి ఒకే షీటు మీద అతికించాల్సి వస్తుంది.

ఇక తరగతి గదికి వస్తే, 1918లో మొదలైన ఉస్మానియాలో పాఠం ఉర్దూలో చెప్పారు. తెలుగు అకాడమీ (1968) పుస్తకాలతో రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు ఇంటర్ పిల్లల నోట్లోకి వచ్చాయి. ఫాబేసి, సొలనేసి, లిలియేసి అని మూడు కుటుంబాలు, పుష్ప సూత్రాలతో సహా. వంకాయ పువ్వును చేతిలో పట్టుకోకుండా సొలనేసి సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే ఎక్కువ!

మెదక్ జిల్లాకు సొంత ఫ్లోరా 1998లో దక్కింది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఆచార్యుడు టి. పుల్లయ్య, సి. ప్రభాకర్, బి. రవిప్రసాదరావులతో కలిసి రాశారు. నేటి సంగారెడ్డి, సిద్దిపేట కూడా అప్పటి మెదక్ జిల్లాలోవే. సరిగ్గా అదే ఏడాది డీఎన్‌ఏ ఆధారంగా పూల మొక్కల కుటుంబాలను తిరగరాసిన ఏపీజీ వర్గీకరణ వెలువడింది. పుప్పొడి తిత్తులుగా ఉంటుందని 1810లో రాబర్ట్ బ్రౌన్ వేరుచేసిన జిల్లేడు కుటుంబం మళ్లీ గన్నేరు కుటుంబంలో కలిసింది. రెంటికీ పాలున్నాయి కనుక ఊళ్లో ఎవరూ ఆశ్చర్యపోరు. టేకు మాత్రం తులసి పక్కన చేరింది. రెండింటికీ ఎదురెదురు ఆకులే అయినా ఈ చుట్టరికం జీర్ణించుకోవడం కష్టమే. పాఠ్యపుస్తకపు లిలియేసి చెదిరిపోయింది: ఉల్లి ఒక ఇంటికి, కలబంద ఇంకో ఇంటికి, పిల్లితీగ మరో ఇంటికి. ఎండబెట్టిన మొక్కలు దాచే మన హెర్బేరియాల బీరువాల్లో షీట్లు మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల బెంథామ్, హుకర్ వరుసలోనే ఉన్నాయి. వేల షీట్లు కదిలించడం ఎవరి తరం?

తంగేడు విషయానికొస్తే, చాలాకాలం కాసియాగా చెలామణీ అయి, ఇప్పుడు 1832లో రాక్స్‌బర్గ్ పుస్తకం ఇచ్చిన సెన్నా పేరుకే తిరిగొచ్చింది. పూల తీరును బట్టి చిక్కుడు, తంగేడు, తుమ్మ అని మూడుగా చీల్చిన చిక్కుడు కుటుంబం ఫాబేసిని 2017లో ఆరు ఉపకుటుంబాలు చేశారు. చింత, దేవకాంచనం తంగేడును విడిచి వేరే ఉపకుటుంబాలకు పోయాయి. తుమ్మ, జమ్మి దాని ఉపకుటుంబంలోకి వచ్చి చేరాయి. దాంతో తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు, రాష్ట్ర వృక్షం జమ్మి ఇప్పుడు ఒకే ఉపకుటుంబం.