వయోలా ఎందుకు ఓడింది?

బ్రౌజర్ల చరిత్రను మనం మామూలుగా నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ల కొట్లాటతో మొదలుపెడతాం. నాకైతే అసలు కథ అంతకుముందే, 1990-93 మధ్యే జరిగిపోయిందనిపిస్తుంది.

మొదటి బ్రౌజర్ని టిమ్ బెర్నర్స్-లీ 1990లో సెర్న్‌లో రాశాడు. అందులో పేజీ చదవడమే కాదు, అక్కడికక్కడే దిద్దొచ్చు, కొత్త లింకు పెట్టొచ్చు. గొప్ప ఊహే. కానీ అది నడిచేది నెక్స్ట్ కంప్యూటర్ మీద మాత్రమే. ఆ యంత్రం ఎంతమంది దగ్గరుంది గనక!

1992లో బర్కిలీలో పెయ్-యువాన్ వెయ్ అనే కుర్రాడు వయోలా తెచ్చాడు. స్టైల్‌షీట్లు, పేజీలోపలే నడిచే చిన్న ప్రోగ్రాములు: ఇవాళ వెబ్ అంటే మనకు గుర్తొచ్చేవాటిలో చాలా భాగం అందులో అప్పుడే మొలకెత్తింది. అయితే యూనిక్స్ తెలిసినవాళ్లకు కూడా దాన్ని ఇన్‌స్టాల్ చేయడం తలనొప్పే.

1993లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ నుంచి మొజాయిక్ వచ్చింది. రాసినవాళ్లు మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బినా. ఊహల్లో వయోలా కంటే వెనకే. కానీ తేలిగ్గా ఇన్‌స్టాల్ అయ్యేది. బొమ్మ అక్షరాల పక్కనే కనిపించేది. ఏడాది తిరక్కుండానే విండోస్‌కీ, మెకింటాష్‌కీ కూడా వచ్చేసింది. ఎవరైనా ఇబ్బంది చెబితే ఆండ్రీసెన్ వెంటనే జవాబిచ్చేవాడు. జనం అటే వెళ్లారు. కొత్త ఆలోచన మెచ్చుకోలు తెస్తుంది. వాడేవాళ్లను తెచ్చేది మాత్రం సులువే.

వయోలా పూర్తిగా వృథా కాలేదు. పేజీలో నడిచే ప్రోగ్రాముల ఆలోచన తమదంటూ ఇయోలాస్ అనే సంస్థ పేటెంట్లు చూపించి పెద్ద కంపెనీల మీద దావాలు వేసింది. 2012లో టెక్సాస్ కోర్టులో వెయ్ సాక్ష్యం చెప్పాడు. అది అంతకుముందే వయోలాలో ఉందని తేలడంతో జ్యూరీ ఆ పేటెంట్లు చెల్లవంది. మార్కెట్లో ఓడిన బ్రౌజర్ ఇరవై ఏళ్ల తర్వాత కోర్టులో అందరికీ పనికొచ్చింది.

కానీ కోర్టు తిరిగి ఇప్పించలేనిది ఒకటుంది. మొజాయిక్‌లో పేజీని దిద్దే వీలు లేదు. దాంతోపాటు వ్యాపించిన వెబ్ ప్రధానంగా చదివేవాళ్లది అయింది. రాయాలంటే వేరే పనిముట్లు, వేరే విద్య కావాల్సొచ్చాయి. వికీలు, బ్లాగులు వచ్చాక రాత మళ్లీ తేలికైంది, అయితే ఎవరో ఒకరి సైటు లోపలే. సులువు గెలుస్తుంది, నిజమే. కాకపోతే అది ఎవరికి, ఏ పనికి సులువు అని కూడా అడగాలి. 1993లో ఆ ప్రశ్న ఎవరికీ పెద్దగా తట్టలేదు. బొమ్మలు చూస్తూ ఉండిపోయాం.