మొగ దాకా రాని డబ్బు

కోనసీమకు నీళ్లు తెచ్చినవాళ్ల పేర్లు ఇక్కడ చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా ముగించిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి. వైనతేయ పాయ మీద 49 ఖానాలతో గన్నవరం అక్విడెక్టు కట్టించి రాజోలు వైపు నీళ్లు దాటించిన లెఫ్టినెంట్ హేగ్‌నీ, ఆనకట్ట పనిలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్ననీ మావాళ్లు మరిచిపోలేదు. ఆ నీళ్లు చేను దాటాక ఎటు పోవాలో చూసినవాడికి మాత్రం ఎక్కడా విగ్రహం లేదు.

మాది అల్లవరం మండలం. మా చేల మురుగు కూనవరం డ్రెయిన్లో పడి, రామేశ్వరం దగ్గర మొగలోంచి, అంటే డ్రెయిన్ నోట్లోంచి, సముద్రంలో కలవాలి. కలవాలి అంటున్నాను, కలుస్తోందని అనట్లేదు. డ్రెయిన్లో పారుదల తగ్గితే చాలు, అలలు ఇసుకను తెచ్చి మొగలో మేట వేస్తాయి. వానలు పడ్డాక ఎగువ నీళ్లన్నీ వచ్చి అక్కడ ఆగిపోతాయి. వరి వెన్ను దాకా మునుగుతుంది.

ఓ ఏడాది కార్తీకంలో ఇలాగే అయితే ఎకరానికింతని చందాలేసుకుని పొక్లెయిన్ తెచ్చాం. మొగ తెరవడం ఊరికే ఇసుక తవ్వడం కాదు. ముందు డ్రెయిన్ వైపు నుంచి తవ్వుకుంటూ రావాలి, సముద్రం వైపు సన్నటి గట్టు ఒకటి మిగల్చాలి. పాటు వచ్చేదాకా ఆగి, లోపలి నీరు సముద్రం కంటే ఎత్తులో ఉన్నప్పుడు ఆ గట్టు కొట్టాలి. అప్పుడు నీరే ఇసుకను కోసుకుంటూ దారి చేసుకుంటుంది. తొందరపడి పోటులో కొడితే ఉప్పునీరు చేలమీదికి ఎదురొస్తుంది. మాతో ఉన్న పెద్దాయన ఒకాయన కాలవకేసి కాదు, చంద్రుడికేసి చూస్తూ కూర్చున్నాడు. "తిథి చూసుకోకుండా పార పట్టకూడదండీ, ఆయ్!" అన్నాడు. అంత చేసినా మొగ ఎన్నాళ్లో నిలవలేదు, అలలు మళ్లీ పూడ్చేశాయి.

సర్కారుకు ఈ సంగతి తెలియక కాదు. 1960ల మధ్యలోనే ఎ.సి. మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగునూ కొల్లేరునూ కలిపి పరిశీలించింది. 1968లో డ్రైనేజి సెస్సు చట్టం వచ్చింది. పెన్నా డెల్టాను కూడా కలుపుతూ 1985లో ఇంకొకటి చేశారు. ముంపు తప్పించే ఖర్చును మునిగేవాడి దగ్గరే వసూలు చెయ్యాలన్నది ఆ చట్టాల లెక్క. మా ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని తిట్టుకుంటూనే కట్టారు. నేను మాత్రం దాన్ని పూర్తిగా తప్పుపట్టను. మురుగు పేరు చెప్పి వసూలు చేసిన డబ్బుకు మురుగు గురించే లెక్క అడగొచ్చు. తర్వాత వచ్చిన పెద్ద పెద్ద పథకాల్లో ఆ వీలు లేకుండా పోయింది.

1996 నవంబర్ 6 రాత్రి తుపాను కొబ్బరి తోటలను నేలకు పడుకోబెట్టింది. చేపల వేటకెళ్లినవాళ్లు వందలమంది తిరిగి రాలేదు. కొబ్బరిమొక్క నాటితే కాపుకు అయిదారేళ్లు పడుతుంది, ఆ గ్యాపులో ఇల్లు ఎలా గడుస్తుందో ఏ అంచనాలోనూ ఉండదు. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో పథకం వచ్చింది. షెల్టర్లు, రోడ్లు, తీరంలో సరుగుడు తోటలు, డ్రెయిన్ల పనులు అన్నీ అందులోవే. 2006 ఆగస్టులో శానపల్లిలంక, మొండెపులంకల దగ్గర ఏటిగట్లు తెగాక సర్కారు మనసు గట్ల మీదికి మళ్లింది. గోదావరి డెల్టా ఆధునికీకరణకు మూడు వేల కోట్ల పైచిలుకు అనుకున్నారు. ఆనకట్ట కట్టిన కాలం నుంచీ ఇదే వరస, ముందు పంట కాలవ, తర్వాత గట్టు, చివర మురుగు. మొగ దాకా వచ్చేసరికి డబ్బూ అయిపోతుంది, సీజనూ అయిపోతుంది.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మద్దతు ధర, కూలీ ఖర్చుతో పాటు ముంపు కూడా వాళ్ల గోడులో ఉంది. ఆ గోడు పరిశీలించడానికి సర్కారు మోహన్ కందా కమిటీని వేసింది. 2022లో మళ్లీ పంట విరామం మాటే వినబడింది. ఈలోగా రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్లోకి పోటుతో ఎదురొచ్చిన ఉప్పునీటికి కొబ్బరిచెట్లు మొవ్వు వాడి మోడులవుతున్నాయి. వరి పోతే ఒక పంటే పోయింది అనుకుంటాం. కొబ్బరి పోతే నాటిన తాత కష్టం కూడా పోయినట్టే.

ఇప్పుడు అందరూ చెబుతున్న ఉపాయం సాగు కాలాన్ని ముందుకు జరపడం. మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లిచ్చిన స్వర్ణ రకం అయిదు నెలల పంట. ఆలస్యంగా ఊడిస్తే కోత నవంబర్ తుపాన్లకు ఎదురుపడుతుంది. అందుకే 2022లో జూన్ 1నే ధవళేశ్వరం నుంచి నీళ్లొదిలారు. మంచిదే. కానీ డ్రెయిన్లలో పూడిక, గుర్రపుడెక్క తియ్యడానికి దొరికేది కాలవలు కట్టేసిన వేసవి ఒక్కటే. నీళ్లు ముందొదిలితే ఆ రోజులు తగ్గుతాయి. కాబట్టి టెండర్లు మే నెలలో కాదు, దాళ్వా చేలో ఉండగానే పిలవాలి. మొగలో ఇసుక ఏటేటా చేరుతుంది గనక దానికి ఏటా వేరే పద్దు రాసిపెట్టాలి.