చేతులతో పలుకు భాష

2018లో ఎల్.బి.నగర్ వరకు మెట్రో వచ్చిన పిమ్మట, దిల్‌సుఖ్‌నగర్ స్టేషనులో రైలు తలుపు మూసుకొన్నను బధిర యువకులు అద్దములోనుండి చేతులతో మాట్లాడుకొనుట చూచాము. ఒకప్పుడు మేమును అవి వట్టి సైగలే అనుకొన్నాము. 1880లో మిలాన్ మహాసభ కూడ సంజ్ఞాభాష బడులలో వద్దని తీర్మానించినది. 1960లో అమెరికా పండితుడు విలియం స్టోకీ అది సొంత నిర్మాణము గల భాషయని చూపారు. మన దేశపు సంజ్ఞాభాషలో "ఎవరు" అను ప్రశ్న వాక్యము చివర వస్తుంది, ముఖమే స్వరము. బధిర సమాజము తనవారికి సంజ్ఞానామములు పెట్టుకొంటుంది. 2015లో ఢిల్లీలో ప్రభుత్వము స్థాపించిన కేంద్రపు నిఘంటువులో 2021 నాటికి పదివేల పదములు చేరినవి. చూచుటయే వారికి వినుట. అట్టివారికి మన ఆలయములలో వెనుక బల్లలిచ్చాము. ఈ శతాబ్ది సంవత్సరమున ముందు వరుసకు పిలిచి, వారి భాషను నేర్చుకొందము.